సాగర్‌నగర్ ఇంటి గోడలు ఎందుకు పడగొట్టామంటే

మా దగ్గర ఇల్లు కట్టించుకుంటున్న వారందరికీ నమస్కారం.

విశాఖపట్నంలో ఈ ఏడాది మేం కడుతున్న, గోడలకు పూత పూయని నాలుగు కాంక్రీటు ఇళ్లలో మూడింటి గృహప్రవేశాలు వెనక్కి జరుగుతున్నాయి. ఫోనులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పడం కన్నా, జరిగింది జరిగినట్టు అందరికీ ఒకేసారి రాయడమే న్యాయం అనిపించింది.

పోయిన నెల సాగర్‌నగర్ ఇంట్లో హాలు తూర్పు గోడ, దాన్ని ఆనుకున్న మెట్ల గోడ కలిపి కాంక్రీటు వేశాం. మొత్తం నలభై అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, ఎనిమిది అంగుళాల మందం. మధ్యలో ఆగకుండా ఒకే ఊపులో పూర్తి కావలసిన పని. మొదటి రెడీమిక్స్ లారీ వేళకే వచ్చింది. గోడ నాలుగడుగులు లేచింది. రెండో లారీ గంటన్నర ఆలస్యంగా వచ్చింది. అప్పటికే ఎండ ముదిరి, కింద వేసిన కాంక్రీటు బిగుసుకోవడం మొదలైంది. ఆ కంగారులో మా వాళ్లు గొట్టం లోపలికి దించకుండా సెంట్రింగ్ (కాంక్రీటు పోసే ప్లైవుడ్ అచ్చు) పైఅంచు నుంచే పోసేశారు. కాంక్రీటును అయిదడుగులకు మించిన ఎత్తు నుంచి వదిలితే కంకర ఒకచోట, సిమెంటు పాలు ఒకచోట చేరతాయి. ఇది మాకు తెలియని సంగతి కాదు. రెండో లారీ బయలుదేరిందని రూఢి చేసుకోకుండా పని మొదలుపెట్టమన్నది నేనే. తప్పు నాది.

రెండు రోజుల తర్వాత సెంట్రింగ్ విప్పాం. ప్లైవుడ్ వదిలిన కొత్త గోడ తడిపిన పలకలా ముదురు రంగులో, నున్నగా మెరుస్తుంది. ఆ క్షణం కోసమే నేను ఈ పనిలో ఉన్నాను. ఈసారి మాత్రం నాలుగడుగుల ఎత్తులో ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత. దానిపైన జానెడు మేర తేనెపట్టులా గుల్ల. గోటితో గీకితే కంకర రాయి ఊడి అరచేతిలో పడింది. ఆ సందులోంచి లోపలి ఇనుప చువ్వ కనిపించింది.

ఇంటి పెద్దావిడ అక్కడే ఉన్నారు. "పైన పూత పూస్తే కనపడదు కదా బాబూ?" అని అడిగారు. మామూలు ఇల్లయితే ఆమె మాట నిజమే. ప్లాస్టరింగ్, లప్పం, రంగు కలిసి చాలా తప్పులను కప్పేస్తాయి. మనం కడుతున్న ఇళ్లకు ఆ పూత లేదు. సెంట్రింగ్ విప్పాక కనిపించేదే గోడ, జీవితాంతం.

సిమెంటు పాలు ఎక్కించి గుల్ల నింపితే బలానికి ఢోకా ఉండదని ఇంజనీరు చెప్పారు. అయినా నాకు మనసొప్పలేదు. అతుకు రంగు ఎన్నేళ్లయినా కలవదన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం సముద్రం. బీచ్ రోడ్డు పక్క పాత అపార్ట్‌మెంట్లలో బాల్కనీల అడుగున పెచ్చులూడి, తుప్పుపట్టిన చువ్వలు వేలాడటం మీరూ చూసే ఉంటారు. ఉప్పుగాలి చువ్వను చేరితే తుప్పు ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. అందుకే తీరప్రాంతపు గాలి నేరుగా తగిలే కట్టడానికి కనీసం ఎం30 బలమున్న కాంక్రీటు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు (చువ్వను కప్పే కాంక్రీటు మందం) ఉండాలని మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. సముద్రానికి దూరంగా, ఎండావానల నుంచి రక్షణ ఉన్నచోట 20 మిల్లీమీటర్లు చాలు. పూత లేని మన గోడకు ఆ 45 మిల్లీమీటర్లే కవచం. అందులోనే చిల్లులుంటే ఇక ఆ ఇంటిని ఏ నమ్మకంతో అప్పగించను?

రెండు గోడలూ కొట్టేశాం. తొమ్మిది రోజులు పట్టింది. ఖర్చంతా మాదే, ఇంటివారి లెక్కలో ఒక్క రూపాయి కూడా పడదు. ఆ సెంట్రింగ్ సామాను, ఆ మేస్త్రీలే తర్వాత మీ ఇళ్లకు రావాలి కాబట్టి మీ తేదీలు ఆరేసి వారాలు జరుగుతున్నాయి. ముహూర్తం పెట్టుకున్న రెండు కుటుంబాలకు నేనే ఇంటికి వచ్చి క్షమాపణ చెబుతాను.

ఇకమీదట గోడల పని తెల్లవారుజామునే. రెండు లారీలూ వీధిలోకి వచ్చి నిలబడ్డాకే మొదటి గొట్టం విప్పుతాం. ప్రతి ఇంట్లో ముందు నాలుగడుగుల నమూనా గోడ కట్టి, మీరు చేత్తో తడిమి సరేనన్నాకే అసలు గోడ. నీళ్లు పట్టడం పద్నాలుగు రోజులు. స్లాబ్ మీద నీళ్లు నిలుస్తాయి గానీ గోడ మీద నిలవవు, గోనెపట్టాలు కట్టి తడుపుతూనే ఉండాలి. కొత్త గోనె రంగు దిగి మరక పడుతుంది, ఉతికి కడతాం. ఇంత జాగ్రత్తతో ఏడాదికి మూడు ఇళ్లకు మించి మా వల్ల కాదు. నాలుగోది ఒప్పుకోవడం అత్యాశే.

మరో రెండు సంగతులు కూడా ముందే చెప్పి ఉండాల్సింది. పూత, రంగు ఖర్చు మిగులుతుంది కాబట్టి ఈ ఇల్లు చవక అని కొందరు అనుకుంటున్నారు. మిగిలినదంతా, ఆపైన ఇంకొంత, మంచి ప్లైవుడ్‌కూ పనితనానికీ పోతుంది. రెండోది వేడి. కాంక్రీటు గోడ చల్లగా ఉంటుందన్నది భ్రమ. పడమటి ఎండను సాయంత్రం దాకా తాగి, రాత్రి గదిలోకి వదులుతుంది. అందుకే మన ప్లానుల్లో పడమట మెట్లు, స్నానాల గదులు పెట్టి, అక్కడ జంట గోడ కట్టి మధ్యలో గాలి సందు వదులుతున్నాం.

ఈ విషయంలో నాకు గురువు పుదుచ్చేరిలోని గోల్కొండ్ వసతి గృహం. ఆర్కిటెక్ట్ ఆంటొనిన్ రేమండ్ గీసిన ఆ కాంక్రీటు కట్టడం పని 1937లో మొదలైంది. హైదరాబాద్ దివాన్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వం నుంచి వచ్చిన లక్ష రూపాయల విరాళంతో అది లేచింది కాబట్టే మన గోల్కొండ పేరు పెట్టారు. పొడవాటి ముఖాలు ఉత్తర దక్షిణాలకు, గాజు కిటికీల బదులు గాలికి తగ్గట్టు తిప్పుకునే అడ్డపలకలు. మన మండువా ఇళ్లకు తెలిసిన సంగతే ఇది: గాలికి దారి, ఎండకు అడ్డు. "వాస్తు కుదురుతుందా?" అని అడిగేవారికి కూడా ఆ కట్టడపు ఫోటోలే చూపిస్తాను. పొడవాటి ముఖం ఉత్తరానికి తిప్పితే ఈశాన్యం దానంతటదే తెరుచుకుంటుంది.

ఇప్పుడు మీ నుంచి ఒక సాయం కావాలి. పూత లేని గోడను తర్వాత తొలిచి వైరు లాగడం కుదరదు. స్విచ్చులు, ఏసీ గొట్టాలు, గీజరు, చివరికి గోడ గడియారం మేకు కూడా కాంక్రీటు వేసే ముందే తేలాలి. మీకిచ్చిన ప్లాను కాగితం మీద అవన్నీ గుర్తుపెట్టి నెలాఖరులోగా పంపండి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని గుర్తుపెట్టండి. పూజగదిలో దీపం గూడు ఏ ఎత్తున ఉంటే అమ్మ చేతికి అందుతుందో కొలిచి రాయండి, అదీ గోడతోపాటే పోయాలి.