డెలివరీ తేదీ ఇకపై వెంటనే ఎందుకు చెప్పం

అందరికీ నమస్కారం. ఆర్డర్ పెట్టిన రోజే డెలివరీ తేదీ చెప్పడం ఈ నెల నుంచి ఆపేస్తున్నాం. ఫ్యాక్టరీలో పని మొదలైందని చూసుకున్నాకే తేదీ ఇస్తాం. కొందరికి ఇది నచ్చదని తెలుసు, అందుకే కారణం చెబుతున్నాను.

మీకు పంపే విడిభాగాల్లో చాలావరకు వేరే దేశాల్లో తయారవుతాయి. అక్కడివాళ్లతో మాకున్నదంతా మెయిళ్లూ వీడియో కాల్సే. "ఈ తేదీకి ఇవ్వగలరా?" అని అడిగితే కొన్నిచోట్ల కుదరదని ముఖం మీద చెప్పరు. "కాస్త కష్టం, చూస్తాం" అంటారు, లేదంటే ఆ ఒక్క ప్రశ్న వదిలేసి మిగతావాటన్నిటికీ జవాబు రాస్తారు. వాళ్ల దృష్టిలో అది మోసం కాదు, మర్యాదగా చెప్పిన జవాబే. పైకి అనేది ఎంత, సందర్భాన్ని బట్టి గ్రహించాల్సింది ఎంత అన్నది సంస్కృతిని బట్టి మారుతుందని ఎడ్వర్డ్ టి. హాల్ అనే మానవశాస్త్రవేత్త 1976లోనే వివరంగా రాశారు. ఎదురుగా కూర్చుంటే ఆ ఇబ్బంది ముఖంలో కనిపిస్తుంది, మెయిల్లో ఏం కనిపిస్తుంది? జర్మనీ వాళ్లయితే సాధారణంగా "ఈ డ్రాయింగ్ పనికిరాదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అందులో కోపమేమీ ఉండదు.

మొన్న ఒక కాల్‌లో మేనేజర్ మాట్లాడినంతసేపూ పక్కనున్న ఇంజనీర్ నోరు విప్పలేదు, కాల్ అయ్యాక మాత్రం అచ్చును మళ్లీ సరిచేయాలని మెసేజ్ పెట్టాడు. పైవాళ్ల ముందు ఆ మాట అనలేకపోయాడు, అంతే. అందుకే ఇప్పుడు ఇవ్వగలరా అని అడగడం మానేసి మెటీరియల్ వచ్చిందా, ఏ మెషీన్ మీద ఉంది, ఫొటో పంపుతారా అని అడుగుతున్నాం, అది కూడా పని చేసేవాళ్లని విడిగా. నిజం బయటికొస్తోంది, ఎవరి పరువూ పోవడం లేదు.

మీ నుంచి కావాల్సినవి కొన్ని ఉన్నాయి. తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయండి, 03/04 అంటే అమెరికాలో మార్చి 4, యూరప్‌లో చాలాచోట్ల ఏప్రిల్ 3. సంఖ్యల్లో కామాలూ చుక్కలూ వద్దు, 1.500 అని జర్మన్ పద్ధతిలో రాస్తే అది పదిహేను వందలు. చైనీస్ కొత్త సంవత్సరానికి అక్కడి ఫ్యాక్టరీలు మూతపడతాయి కాబట్టి జనవరి, ఫిబ్రవరి ఆర్డర్లు ముందే పెట్టేయండి.

నిజంగా అర్జెంటైతే ఎందుకు అర్జెంటో ఆర్డర్‌లోనే రెండు వాక్యాల్లో రాయండి. దాన్ని ఫ్యాక్టరీకి ఉన్నదున్నట్టు చెబుతాం, ఉత్త గడువు పంపినప్పటికంటే కారణం పంపినప్పుడే అక్కడ పని ముందుకు కదులుతోంది.