గంట కొట్టకముందే చెప్పాలి

తల్లిదండ్రులకు నమస్కారం.

వినాయక చవితి దగ్గరపడింది. ఇంకో వారంలో కాలనీల్లో డప్పులు, డీజేలు మొదలవుతాయి. మన బడిలో ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఆ మోత చెవుల్లో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. అందుకే ఈసారి ఉత్తరం వాళ్ల గురించి రాస్తున్నాను.

ఒకటో తరగతిలో ఒక బాబు గంట మోగితే చాలు, చెవులు మూసుకుని బల్ల కింద దూరేవాడు. (వాళ్ల అమ్మానాన్నలను అడిగే ఇది రాస్తున్నాను.) మొదట్లో మేం మొండితనం అనుకున్నాం. ఆ పొరపాటు మాదే. చప్పుడు ఒక్కటే కాదు, ఆ తర్వాత ఏం జరగబోతోందో తెలియకపోవడమే వాడి టెన్షన్. మా స్పెషల్ టీచర్ ఒక అట్ట మీద బొమ్మలు అంటించారు: ప్రేయర్, లెక్కలు, మంచినీళ్లు, ఇసుక, అన్నం, ఇల్లు. పని అవగానే వాడే ఆ బొమ్మ పీకి డబ్బాలో వేయాలి. గంటకు రెండు నిమిషాల ముందు తర్వాతి బొమ్మ చూపిస్తారు. మూడు వారాలు ఏ మార్పూ లేదు. నాలుగో వారం గంట మోగింది. వాడు చెవులు మూసుకున్నాడు కానీ బల్ల కిందికి వెళ్లలేదు. ఇసుక బొమ్మ వేలితో చూపించి, తలుపు దగ్గరికి నడిచాడు.

ఇంట్లో కూడా ఈ అట్ట తయారుచేసుకోవచ్చు. ఫోన్‌లో మీ బాత్రూమ్, మీ కంచం, మీ స్కూటర్ ఫొటోలు తీసి ప్రింట్ వేయిస్తే సరిపోతుంది.

ఆటల్లో నేను ముందుగా చెప్పేది వామనగుంటలు. చింతపిక్కలు ఒక్కొక్కటే గుంటలో వేస్తుంటే వేళ్లకు పట్టు వస్తుంది, లెక్క వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ‘నీ వంతు, నా వంతు’ అనేది మాటలు ఇంకా రాని పిల్లలకు కూడా అర్థమవుతుంది. వస్తువులు నోట్లో పెట్టుకునే పిల్లలకు మాత్రం చింతపిక్కలు వద్దు.

‘నీళ్లు కావాలా?’ అని అడిగితే ‘నీళ్లు కావాలా?’ అనే తిరిగి అంటే కోప్పడకండి. చాలాసార్లు అది వాళ్లు అడిగే పద్ధతి. ‘నాకు నీళ్లు కావాలి’ అని నెమ్మదిగా అని, గ్లాసు చేతికివ్వండి. కళ్లలోకి చూడమని గడ్డం పట్టి తిప్పకండి.

ఆటిజం ఉందేమోనని అనుమానం ఉంటే ‘పెద్దయ్యాక సర్దుకుంటుందిలే’ అని ఆగొద్దు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ మనకు దగ్గరే. మన దేశంలో ఆటిజం అంచనాకు వాడే ఐఎస్ఏఏ కొలమానం అక్కడే తయారైంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. అందరితో కలిసి చదువుకోవడం ఆ పిల్లల హక్కు, మేం చూపే దయ కాదు.

బడిలో చవితికి మైకు పెట్టడం లేదు. మట్టితో వినాయకుణ్ణి చేస్తాం. తడిమట్టి ముట్టుకోలేని పిల్లలు పత్రి సర్దుతారు. మీ బిడ్డకు ఏ చప్పుడు, ఏ స్పర్శ పడదో డైరీలో రాసి శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు