ఫెయిల్ చేసే ముందు సుగ్గి సంగతి చూడండి

ఎడిటర్ గారికి నమస్తే. మాది కర్నూలు జిల్లా కోసిగి పక్కన ఒక పల్లె, చిన్న కిరాణం అంగడి నాది. అందర్నీ పాస్ చేసి పైకి తోసేస్తే చదువెట్లొస్తుంది, మళ్లా ఫెయిల్ చెయ్యాల్సిందే అని అంగట్లో కూర్చున్నోళ్లంతా అంటుంటారు, మొన్నటిదాకా నేనూ అదే అంటుంటి.

పక్కింటి పిల్లోడు ఏడో తరగతి. మొన్న ఊరికే సేమ్యా ప్యాకెట్ మీద పేరు చదవమన్నా. "సే" అన్నాడు, ఆడికే ఆగిపోయినాడు, మ కింద ఆ ఒత్తు ఏందో తెలీక నా మొహం చూస్తాడు. అదే కేజీకి ఇంతైతే 43 కేజీల మిర్చి కోస్తే కూలీ ఎంతరా అంటే నేను క్యాలికులేటర్ తీసేలోపలే చెప్పేసినాడు. సంక్రాంతి కాంగానే వాళ్లమ్మ నాయన గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే మిర్చి కోత కూలికి వలస పోతారు, జేజి ఉన్నన్నాళ్లు ఇంటికాడ ఉండె, ఆమె పోయినాక ఈన్ని ఎవరికాడ ఇడిసిపెడతారు, ఎంబడే తీసుకపోతారు. ఉగాదికొచ్చి ఏప్రిల్‌లో ఏడాది ఆఖరి పరీక్ష ఎస్ఏ-2 రాస్తాడు, పాస్.

2009 విద్యాహక్కు చట్టం 8వ తరగతి దాకా ఎవర్నీ ఫెయిల్ చేసి ఆపొద్దనింది. 2019లో దాన్ని మార్చి, రాష్ట్రాలు కావాలంటే 5లో 8లో తప్పినోళ్లని ఆపొచ్చన్నారు, 2024 డిసెంబర్‌లో సెంట్రల్ వాళ్లు తమ స్కూళ్లకి అదే రూల్ పెట్టుకున్నారు. కానీ అందులోనే ఇంకో ముక్క ఉంది, తప్పినోనికి విడిగా పాఠాలు చెప్పి రెండు నెలల్లోపల మళ్లా పరీక్ష పెట్టాలని. రిజల్ట్ వచ్చేది ఏప్రిల్ ఆఖర్లో, బడి తెరిచేది జూన్ 12న, ఆ మే నెల ఎండలో మా పల్లెకొచ్చి చెప్పేదెవరు? చెప్పకుండా ఆపేస్తే మళ్లా అదే తరగతి, మళ్లా సంక్రాంతి, మళ్లా అదే మిర్చి చేను. తమ్ముని పక్కన కూర్చోలేక బడే మానేస్తాడు.

(టౌన్‌లో కొన్ని ప్రైవేట్ స్కూళ్ల కథ వేరే, 8 దాకా అందరూ పాసే, తొమ్మిదిలో కొంచెం వెనకబడినోళ్లని పిలిచి టీసీ తీసుకోమంటారు, పదిలో 100 పర్సెంట్ అని ఫ్లెక్సీ కట్టాల కదా. దానికి ఇంకో లెటర్ రాస్తాలెండి.)

సుగ్గి పిల్లోళ్లకి సీజనల్ హాస్టల్ అంటారు, అమ్మానాయన వలస పోయిన్నన్నాళ్లు పిల్లోళ్లు ఊర్లోనే ఉండి చదువుకునేదానికి, మంచిదే. పోయినేడు మా దిక్కు హాస్టల్‌కి పరుపులు దిగేసరికి మిర్చి కోత లారీలు ఎప్పుడో కదిలిపోయిండె. ఈసారన్నా సంక్రాంతికి ముందే తెరవండి, తెరిచేది ఎప్పుడో డిసెంబర్‌లోనే దండోరా వేయించండి, ఆ పిల్లోన్ని నేనే తీసుకొచ్చి చేర్పిస్తా.

- ఒక అంగడాయన, కోసిగి మండలం