ఆ రోబో ట్రంకు రోడ్డు మీద నడుస్తుందా?

సంపాదకుల వారికి,

చూపులేనివారికి దారి చూపే రోబోల గురించి పది రోజుల కిందట మీ పత్రికలో వచ్చిన వార్తను మా తమ్ముడికి చదివి వినిపించాను. వాడికి పుట్టుకతోనే చూపు లేదు. ఈతకొలనులో దెబ్బ తగిలి 14వ ఏట చూపు కోల్పోయిన చియెకో అసకావా గారు జపాన్‌లో సూట్‌కేసులాంటి రోబో తయారు చేయించారనీ, పిడి పట్టుకుంటే అడ్డాలు తప్పిస్తూ అదే తీసుకెళ్తుందనీ వింటే మురిసిపోయాడు. అంతలోనే "చక్రాల మీద పోతుందాన్నా? అయితే మన ట్రంకు రోడ్డు మీద పోయినట్టే!" అని నవ్వాడు.

నెల్లూరు వాళ్లకు వేరే చెప్పాలా? వీఆర్సీ సెంటరు నుంచి గాంధీబొమ్మ దాకా కళ్లున్నవాళ్లనే ఫుట్‌పాత్ దిగకుండా నడవమనండి చూద్దాం. బైకులు, టిఫిన్ బండ్లు, షాపుల మెట్లు, కాలువ మీద లేచిపోయిన బండలు. తెల్లకర్ర నేల మీది సంగతే చెబుతుంది, తల దగ్గరున్నది చెప్పదు. పోయిన నెల ఫ్లెక్సీ కట్టిన ఇనుప రాడ్డు తగిలి వాడి నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. ఎవరి పుట్టినరోజు ఫ్లెక్సీ అని అడిగితే చెప్పాను. "ఓటు ఆయనకే వేశాన్నా" అన్నాడు.

ఇలాంటి దెబ్బలు తగలకూడదనే ఐఐటీ ఢిల్లీ వాళ్లు తెల్లకర్రకు తగిలించే స్మార్ట్‌కేన్ అనే పరికరం తయారుచేశారు. మోకాలి నుంచి తల దాకా ఏది అడ్డున్నా దాదాపు 3 మీటర్ల దూరం నుంచే పసిగట్టి, పిడి వణుకుతూ హెచ్చరిస్తుంది. అదేమైనా ఇప్పిస్తారా అని ఒక ఆఫీసుకెళ్లి అడిగితే "ట్రైసైకిల్ అయితే ఉంది, తీసుకుంటారా?" అన్నారు. చూపులేనివాడికి ట్రైసైకిల్! ఆ ఆఫీసులోనే చూపులేనివారు కాలితో తడిమి దారి తెలుసుకునే పసుపు టైల్స్ కూడా వేశారు లెండి. గీతలుంటే నడవాలి, బుడిపెలుంటే ఆగాలి, అదీ వాటి లెక్క. అక్కడ గీతలు తిన్నగా పూలకుండీలోకి తీసుకెళ్తాయి. బిల్లు మాత్రం పాసయ్యే ఉంటుంది.

దివ్యాంగుల హక్కులకు 2016 చట్టం ఉంది. రోడ్లూ ఆఫీసులూ వాళ్లు వాడుకునేలా ఉండాలనే నిబంధనలను తప్పనిసరి చేయాలని 2024లో సుప్రీంకోర్టూ చెప్పింది. మన వాళ్లకు మాత్రం ఏటా డిసెంబరు 3న, దివ్యాంగుల దినోత్సవం నాడు, శాలువాలు కప్పి ఫొటోలు దిగితే పనైపోయినట్టే. వెనకటికి అర్జీ ఇస్తే కనీసం రసీదైనా ఇచ్చేవాళ్లు. ఇప్పుడు యాప్‌లో పెట్టమంటున్నారు. ఆ యాప్‌లో బటన్ల పేర్లేమో ఫోన్ చదివి వినిపించదు.

రోబోలు రావాలనే మేమూ కోరుకుంటున్నాం. అవి వచ్చేలోపు ఆ రాడ్డు ఒకటి తీయించండి. ఇంకా అక్కడే ఉంది, ఫ్లెక్సీ మాత్రం మారింది.

- ఒక పాఠకుడు, మూలాపేట, నెల్లూరు