బస్సులకు టర్బైన్ ఇంజన్లు: మన దుమ్ము సంగతేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏ నూనెతోనైనా నడిచే గ్యాస్ టర్బైన్ ఇంజన్లను (ఇంధనం మండిన వేడి గాలితో రెక్కల చక్రాన్ని తిప్పే, విమానాల్లో వాడే తరహా ఇంజన్లను) మన జిల్లా బస్సులకు అమర్చితే వేరుశనగ రైతుకు గిరాకీ, ప్రభుత్వానికి డీజిల్ ఆదా రెండూ సమకూరుతాయని మీ పత్రికలో ఒక పాఠకులు ఇటీవల రాశారు. వారి ఉద్దేశం మంచిదే. కాని ముప్పై ఏళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించినవాడిగా, ప్రజల సొమ్ము అందులో పెట్టకముందే నా అభ్యంతరం చెప్పుకోవాలనిపించింది.

నూనె మాటకొస్తే, 1900లో పారిస్ ప్రదర్శనలో వేరుశనగ నూనెతో నడిచింది మన మామూలు డీజిల్ ఇంజనే. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1963 నుంచి 50 టర్బైన్ కార్లను సామాన్య కుటుంబాలకు వాడి చూడమని ఇచ్చినప్పుడు వాటికి డీజిల్, కిరోసిన్ సరిపోయాయి గాని, ఆనాటి బంకుల్లో అమ్మే సీసం కలిపిన పెట్రోలు మాత్రం పడలేదు.

అసలు చిక్కు బండి ఆగినప్పుడు మొదలవుతుంది. ఆ కారు కదలకుండా నిలబడి ఉన్నా ఇంజను నిమిషానికి సుమారు 22,000 చుట్లు తిరుగుతూ ఇంధనం తాగేది. ఆకాశంలో గంటల తరబడి ఒకే తీరున పోయే విమానానికి ఇది ఇబ్బంది కాదు. సప్తగిరి సర్కిల్‌లో ఆగి, క్లాక్ టవర్ దగ్గర మళ్లీ ఆగి, ఊరు దాటాక ప్రతి పల్లె స్టేజీలోనూ నిలిచే బస్సుకు మాత్రం తలకు మించిన ఖర్చు.

ఇక దుమ్ము. తాడిపత్రి నాపరాళ్ల గనుల నుంచి వచ్చిన లారీ ఎయిర్ ఫిల్టరును విప్పి నేలకేసి తడితే పిండి రాలినట్టు తెల్లటి పొడి దోసెడు రాలడం నేను రోజూ చూసినదే. అదే శక్తి గల డీజిల్ ఇంజనుకన్నా టర్బైన్ కొన్ని రెట్లు ఎక్కువ గాలి పీలుస్తుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో టర్బైన్ ఇంజనున్న అమెరికా అబ్రామ్స్ ట్యాంకుల ఫిల్టర్లను ఎడారిలో మాటిమాటికీ శుభ్రం చేసుకోవలసి వచ్చింది. సైన్యానికి ఆ పనికి మనుషులుంటారు, మన డిపోల్లో టైర్లు మార్చడానికే చేతులు చాలవు.

చక్రాలను నేరుగా తిప్పకుండా, ఒకే వేగంతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జి చేసే చిన్న టర్బైన్ అయితే ఆలోచించదగినదే. 2010లో జాగ్వార్ ఒక నమూనా కారులో అలాంటివి రెండు పెట్టి చూపింది. అదైనా ముందు మన ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలలో బల్ల మీద బిగించి, తాడిపత్రి దుమ్మునే గాలిలో కలిపి వంద గంటలు నడిపి చూసి, ఆ లెక్కలు బయటపెట్టిన తరువాతే బస్సుల మాట ఎత్తాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత మెకానిక్,
అనంతపురం