బాణం షోకి వెళ్తున్నాడని తెలిసింది

చి. మౌనికకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పెద్దనాన్న వాళ్ల కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది కదా, ఇవేవీ నీకు తెలియవు. నీ కుక్క బాణాన్ని చెన్నైలో డాగ్ షోకి తీసుకెళ్తున్నావని కూడా రమణి పిన్ని చెబితేనే తెలిసింది. ఇంకో మాట కూడా చెప్పింది. అది తర్వాత.

మన పశువుల డాక్టరు గారిని అడిగి కొన్ని సంగతులు రాసుకున్నాను. జడ్జి నోరు తెరిపించి పళ్లు చూస్తారట. 42 పళ్లూ వచ్చాయో లేదో ముందే లెక్కపెట్టించు. మగకుక్కకు వృషణాలు రెండూ కిందికి దిగాయో లేదో కూడా చూస్తారట, కాబట్టి అదీ హైదరాబాదులోనే డాక్టరుకు చూపించు. అంత దూరం వెళ్లాక తెలిస్తే బాధ. మైక్రోచిప్ నంబరూ రిజిస్ట్రేషన్ కాగితంలో నంబరూ ఒకటేనా చూడు. ఆ రిజిస్ట్రేషన్ ఇచ్చే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వాళ్లు మన వాడి ముధోల్ జాతిని కారవాన్ హౌండ్ అని రాస్తారు, అది తప్పనుకుని కంగారు పడకు. రేబిస్ టీకా కార్డు బ్యాగులో అడుగున కాకుండా పైన పెట్టుకో.

నువ్వు పంపిన ఫొటోలో వాడి ఎముకలు చూసి అమ్మ బెంగపడింది. పరుగు కోసం పుట్టిన జాతి, తుంటి ఎముకలు కొంచెం తేలి ఉండటమే దానికి లక్షణం అని డాక్టరు గారు చెప్పాక ఊరుకుంది. షో ఉందని నెయ్యన్నం పెట్టి వాణ్ని లావు చేయకు. అదే ఫొటోలో నీ మెడ ఎముకలు కూడా కనిపించాయి. నీకు ఆ లెక్క వర్తించదు. రాత్రిపూట అన్నం తింటున్నావా? ఆఫీసులో సెలవు ఇచ్చారా? పిన్ని మాటలు వింటే సెలవు అడగాల్సిన అవసరమే లేదన్నట్టుంది.

సరే, అసలు పని చెప్తాను. తాతయ్య ఒంగోలు గిత్తను అందాల పోటీకి తయారు చేసిన ఏడు నువ్వింకా పుట్టలేదు. రెండు పళ్ల విభాగం, అంటే రెండు పెద్ద పళ్లు వచ్చిన వయసు గిత్తలది. పోటీకి నెలల ముందు నుంచే రోజూ పొద్దున దాని నోరు తెరిచి పళ్లు తడిమేవారు, కాళ్లు ఒక్కొక్కటే ఎత్తేవారు, మూపురం, గంగడోలు నిమిరేవారు. తర్వాత ఊళ్లో వాళ్లను పిలిచి వాళ్ల చేత కూడా అవే చేయించేవారు. సాయంత్రం రైసు మిల్లు పక్కన కట్టేసి ఆ మోతలోనే మేత వేసేవారు. గిత్తను బెదరగొడుతున్నాడని నాయనమ్మ పోట్లాడేది. పోటీ రోజున మనకంటే చక్కని గిత్త ఒకటి వచ్చింది, నిజంగా చూడముచ్చటైన జంతువు. మైకు ఒక్కసారి కీచుమంది. అది వెనక్కి వెనక్కి పోయి షామియానా తాడు తెంపింది, జడ్జిని దగ్గరికే రానివ్వలేదు. మనది చెవులు కదిపి నిలబడింది, అంతే. జడ్జి పళ్లు చూశారు, వెన్ను తడిమారు, అటూ ఇటూ నడిపించారు. అప్పుడు బహుమతిగా వచ్చిన ఇత్తడి బిందెలోనే అమ్మ ఇప్పటికీ బియ్యం పోస్తోంది.

అందుకే చెప్తున్నాను, బాణం నీ దగ్గర కదలకుండా నిలబడితే సరిపోదు. ముధోల్ కుక్కలకు కొత్త మనిషి చెయ్యి నచ్చదు. అపార్ట్‌మెంటులో తెలిసినవాళ్ల చేత, టోపీ పెట్టుకున్నవాళ్ల చేత, గడ్డం ఉన్నవాళ్ల చేత రోజూ తాకించు. బస్టాండు దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టు. నడిపించేటప్పుడు వాడు నీ ఎడమ పక్కన, నిన్ను లాగకుండా, సమంగా, చిన్న పరుగులాంటి నడకలో రావాలి. పది నిమిషాలు చాలు, విసుగొచ్చే ముందే ఆపెయ్. జడ్జి ముందు నడిపించే రింగులో నువ్వు టెన్షన్ పడితే ఆ తాడు గుండా వాడికి తెలిసిపోతుంది. వాడి బెదురుకు అదే మొదలు. చెప్పులు జారనివి వేసుకో.

రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ గది మొత్తం తీసుకుంటేనే కుక్కను పక్కన ఉంచుకోనిస్తారు, లేదంటే గార్డు దగ్గర పెట్టెలో వేస్తారు. ఆ పెట్టె వద్దు. కారే నయం, కానీ రాత్రి డ్రైవింగ్ వద్దు. అద్దంకి మీదుగానే వస్తావు కదా. మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కితే ఒంగోలు ఎంతసేపు? ఇంటికి రాకుండా చెన్నై పోదామనుకున్నావా?

ఉద్యోగం మానేశావని పిన్ని అంటోంది. కుక్కల కోసమే అంటోంది. నిజమైతే నాకు కోపం లేదు. ఈఎంఐ ఎలా కడుతున్నావు, ఇన్సూరెన్స్ ఏమైంది, అవి మాత్రం నాకు చెప్పాలి. అబద్ధమైతే పిన్నితో నేను మాట్లాడతాను. ఏదైనా నీ నోటితోనే వినాలి. మనుషులు నా దగ్గరికి వచ్చి అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు.

ముందు రోజు సాయంత్రానికి వచ్చేయండి. వాడికి వసారాలో పక్క వేస్తాను, అక్కడ గాలి ఆడుతుంది. నీళ్లు మాత్రం హైదరాబాదు నుంచి క్యాన్లలో తెచ్చుకో, ఊరు మారితే నీళ్లు పడక వాడికి విరేచనాలు పట్టుకుంటాయి. నీకు గోంగూర పచ్చడి చేసి పెట్టమని అమ్మతో చెప్పాను. బయల్దేరే ముందు ఫోన్ చెయ్యి. అమ్మకు కాదు, నాకు.

నాన్న