పేదల ఇళ్ల భాగస్వామ్య ఒప్పందాలపై నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ కలెక్టర్ గారికి నమస్కారం.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2015 పట్టణ నిబంధనల్లో, ప్రభుత్వం బిల్డర్లతో కలిసి కట్టించే భాగస్వామ్య ప్రాజెక్టులో కనీసం 250 ఇళ్లుండాలని, 35 శాతం పేదలకు దక్కాలని పెట్టారు. లెక్క బాగానే ఉంది. చిక్కల్లా స్థలంతోనే.

మెక్సికోలో కార్మికుల గృహనిధి సంస్థ ఇన్ఫోనావిట్ ఇళ్లకు అప్పులిచ్చింది, బిల్డర్లు చవక భూమి కోసం ఊళ్లకు దూరంగా కట్టారు. 2010 జనాభా లెక్కల్లో దాదాపు 50 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి. పనికి దూరం కావడం అందులో పెద్ద కారణం. కూలిడబ్బులు ఆటోలకే పోతే ఆ ఇంట్లో ఎవరుంటారు? చిలీలోని ఇకీకేలో 2004లో 93 కుటుంబాలను ఉన్నచోటే ఉంచారు. భూమి ఖరీదైనందున సగం ఇల్లే కట్టి, మిగతా సగం పెంచుకునే జాగా వదిలారు. నెల్లూరులో, కావలిలో స్థలం ఎంచేటప్పుడు ముందు బస్టాండుకు, మార్కెట్‌కు దూరం కొలిపించండి.

ఇక ఒప్పందంలో ఇవి రాయించండి. బిల్లు స్లాబుల లెక్కన మాత్రమే చెల్లిస్తే గోడలు లేస్తాయి, మురుగు కాలువ ఆగిపోతుంది. అందుకే చివరి 15 శాతమైనా నీళ్లు, కరెంటు, మురుగు లైను కలిపాకే విడుదల చేయాలి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచమంటుంది, నిర్మాణ లోపాలకు ఐదేళ్ల బాధ్యత పెడుతుంది. ఆ రెండూ ఇక్కడా పాటించాలి.

తీరప్రాంతంలో ఉప్పునీటి బోర్లుంటాయి. ఇనుము వేసే కాంక్రీటుకు భారతీయ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ఊచ తుప్పుపట్టి ఉబ్బుతుంది, స్లాబు పెచ్చులూడుతుంది. ప్రతి బోరుకూ పరీక్ష నివేదిక వచ్చాకే పునాది పోయనివ్వండి.

ఇట్లు,
నెల్లూరు జిల్లా గృహనిర్మాణ రంగ ఇంజనీర్లు